ఒక్క పాఠానికి అయిదు శాఖలు

నీలగెడ్డ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విశ్వవిద్యాలయంగా మారిన రోజున నరసింగరావు మాస్టారికి ఒక తిరిగే కుర్చీ వచ్చింది, ఒక పాఠం పోయింది. కుర్చీ వచ్చిన సంగతి ఆయనకు వెంటనే తెలిసింది. పాఠం పోయిన సంగతి తెలియడానికి కొంచెం వ్యవధి పట్టింది.

కళాశాల అని పేరే గానీ అది గెడ్డ ఒడ్డున ఉన్న పెంకుల కట్టడం. వానాకాలంలో విద్యార్థులకంటే ముందు కప్పలు హాజరయ్యేవి. దాన్ని ఆనుకుని ఓ చిన్న ఎలిమెంటరీ బడి ఉండేది. అభ్యాస పాఠశాల అని దానికి బోర్డు. రిక్షా తొక్కేవాళ్ళ పిల్లలు, ఇటుకబట్టీ వాళ్ళ పిల్లలు అందులో చదువుకునేవారు. పంతుళ్ళు కాబోయేవాళ్ళు తమ జీవితంలో మొదటి తప్పులన్నీ ఆ పిల్లల మీదే చేసేవారు. పిల్లలు కూడా పెద్ద మనసుతో భరించేవారు. కొత్త మాస్టారు ఎవరైనా నల్లబల్ల మీద లెక్క తప్పువేసి చెమటలు కక్కుతూ నిలబడిపోతే, "పర్నేదండి, పోయినేడాది మేస్టారు కూడా అక్కడే తప్పేసినారు" అని ధైర్యం చెప్పి మరీ సరిదిద్దించేవారు.

ఆ బడి మూడో తరగతికి నరసింగరావు మాస్టారు ఏటా భాగహారం చెప్పేవారు. మాదిరి పాఠం అంటే అదీ. శిక్షణకి వచ్చినవాళ్ళంతా గోడల వెంబడి నిలబడి చూసేవారు. మాస్టారు జేబులోంచి గుప్పెడు చింతపిక్కలు తీసి నేలమీద పోసి పంచడం మొదలుపెడితే, పాఠం అయ్యేసరికి పిల్లలకి భాగహారమూ, కాబోయే పంతుళ్ళకి బతుకుతెరువూ ఒకేసారి వచ్చేవి. ఆయన చేతిలో భాగహారం రాకుండా నాలుగో తరగతికి వెళ్ళిన పిల్లాడు ఆ ఊళ్ళో లేడు. మాస్టారికి ఉన్న గర్వం అదొక్కటే. పై ఏటికి ఆయన పదవీ విరమణ.

ఇలా ఉండగా కళాశాలను విశ్వవిద్యాలయం చేస్తున్నామని ప్రభుత్వం వారు సెలవిచ్చారు. ఊళ్ళో టపాసులు కాల్చారు. తీరా చూస్తే ఒక నిబంధన ఉంది. విశ్వవిద్యాలయం అన్నాక కనీసం అయిదు శాఖలుండాలి, అయిదు శాఖాధిపతి పోస్టులుండాలి. నీలగెడ్డ కళాశాలలో ఉన్నదేమో ఒక్కటే విద్య, పాఠం ఎలా చెప్పాలి అన్నది.

ప్రిన్సిపాల్ పేడాడ మృత్యుంజయరావు గారు అందర్నీ సమావేశపరిచారు. పెరట్లో వేపచెట్టు ఉంది కాబట్టి వృక్షశాస్త్రం పెడదామని ఒకరన్నారు. పైకప్పు కన్నాల్లోంచి చుక్కలు కనబడతాయి కాబట్టి ఖగోళశాస్త్రం పెట్టుకోవచ్చని ఇంకొకరన్నారు. మృత్యుంజయరావు గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయారు. గోడకి ఎప్పటినుంచో ఓ పటం వేలాడుతోంది. పాఠానికి ఉండవలసిన మెట్లు అందులో రాసి ఉన్నాయి. మొదట ప్రేరణ, అంటే పిల్లలకి ఆసక్తి పుట్టించడం. తరవాత శీర్షిక ప్రకటన, అంటే పాఠం పేరు బల్లమీద రాయడం. ఆపైన బోధన. దాని వెనక పునశ్చరణ, అంటే చెప్పింది మళ్ళీ అడగడం. చివర ఇంటిపని.

ప్రిన్సిపాల్ గారు ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు. "మిత్రులారా! మనం ఎక్కడెక్కడో అన్వేషిస్తున్న జ్ఞానశాఖలు మన గోడకే వేలాడుతున్నాయి. లెక్కపెట్టండి!"

లెక్కపెట్టారు. సరిగ్గా అయిదున్నాయి.

వారం తిరిగేసరికి ప్రిన్సిపాల్ గారు ఉపకులపతి అయ్యారు. అక్షరాలు గుండ్రంగా రాస్తాడని డ్రాయింగు మాస్టారు భాస్కరాన్ని శీర్షిక ప్రకటన శాఖాధిపతిని చేశారు. తెలుగు చెప్పే కమలకుమారి గారికి పునశ్చరణ శాఖ దక్కింది. డ్రిల్లు మాస్టారు దండాసికి ఏ శాఖా నప్పక ఇంటిపని శాఖ ఇచ్చారు. నరసింగరావు మాస్టారి దగ్గరికి వచ్చేసరికి వీసీగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"మీ పాఠం మొదలుపెట్టే తీరు అనన్యసామాన్యం. కనుక ప్రేరణ శాఖ మీది."

"మరి బోధన శాఖ ఎవరిదండీ?" అని అడిగారు మాస్టారు.

"దానికి ప్రకటన ఇస్తున్నాం. సమున్నత స్థాయి వ్యక్తిని తీసుకొస్తాం."

మాస్టారు తన కొత్త గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని ఒకసారి గిర్రున తిరిగారు. బాగానే ఉందనిపించింది.

కొత్త పద్ధతిలో మొదటి భాగహారం పాఠం శ్రావణమాసంలో జరిగింది. మాస్టారు గేటు దగ్గర పళ్ళమ్మే అప్పలకొండ బండిలో గెలనుంచి కోసిన అరటి అత్తం ఒకటి కొని మూడో తరగతికి పట్టుకెళ్ళారు. అప్పలకొండ కూతురు పైడితల్లి ముందు వరసలో కూర్చుని ఉంది.

"ఏమర్రా, ఈ పళ్ళన్నీ నేను పైడితల్లి ఒక్కదానికే ఇచ్చేస్తే?"

"అన్నేయమండీ!" అని తరగతంతా లేచింది.

"మరి అందరికీ సమంగా రావాలంటే ఏం చెయ్యాలి? ఒక్కొక్కరికి ఎన్నొస్తాయి? పంచకుండానే ముందుగా చెప్పగలమా?"

పిల్లలు ముందుకు వంగారు. కొందరు మోకాళ్ళమీద లేచారు. పైడితల్లి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మాస్టారు జేబులో చింతపిక్కల కోసం చెయ్యి పెట్టారు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో దగ్గు వినిపించింది.

భాస్కరం రంగు సుద్దముక్కల పెట్టెతో నిలబడి ఉన్నాడు. "మాస్టారూ, తమరేమీ అనుకోకండి. ఆసక్తి పుట్టినట్టుంది. ఇక్కడితో తమ శాఖ పరిధి అయిపోయిందండి."

మాస్టారు జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశారు. భాస్కరం బల్ల మీద పసుపూ ఎరుపూ సుద్దలతో, నీడలు దిద్ది, "భాగహారం" అని రాసి కింద తీగలూ పువ్వులూ వేశాడు. నిజానికి చాలా బాగుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పిల్లలు ఆ పేరుకేసి చూస్తూ కూర్చున్నారు. బోధన శాఖకి ఇంకా మనిషి రాలేదు కాబట్టి ఆ శాఖకి కేటాయించిన సమయమంతా అలా చూస్తూనే ఉన్నారు. ఆ తరవాత కమలకుమారి గారు వచ్చారు.

"పిల్లలూ! ఈ రోజు పాఠంలో ఏం నేర్చుకున్నాం?"

"ఏటీ నేర్సుకోనేదండి!" అన్నారు పిల్లలు ముక్తకంఠంతో.

కమలకుమారి గారికి ఏం చెయ్యాలో తోచలేదు. పునశ్చరణ నియమం ప్రకారం పిల్లలు సరైన జవాబు చెపితే మెచ్చుకోవాలి. చెప్పింది సరైన జవాబే. "చాలా బాగా గుర్తుపెట్టుకున్నారు" అని తలవంచుకుని వెళ్ళిపోయారు. వెనకాలే దండాసి వచ్చి పది భాగహారం లెక్కలు ఇంటికిచ్చి, అలవాటు కొద్దీ ఒకసారి విజిల్ ఊది వెళ్ళాడు.

ఇదిలా ఏ ఒక్కరోజుతోనో పోలేదు. వారం వారం సాగింది. మాస్టారు ఒక వారం లడ్డూలు, ఒక వారం గోళీలు, ఒక వారం కోడిపిల్లలు తెచ్చి ప్రేరణ ఇస్తున్నారు. దాచడమెందుకు, మొదట్లో ఆయనకి కొంత సరదాగానే ఉంది. కోడిపిల్లల ప్రేరణ గురించి ఆయన సదస్సులో పత్రం చదివితే చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఆయన ప్రేరణ చూసి వెళ్ళేవారు. శిక్షణకి వచ్చిన కుర్రాళ్ళు కూడా శాఖలవారీగా చీలిపోయారు. ప్రేరణలో పట్టా పుచ్చుకున్నవాడికి పాఠం పేరు రాయడం రాదు. శీర్షికలో పట్టా పుచ్చుకున్నవాడికి పిల్లలకేసి చూడటం రాదు, ఎప్పుడూ బల్లవైపే తిరిగి ఉంటాడు.

విశ్వవిద్యాలయం మాత్రం దినదినాభివృద్ధి చెందుతోంది. శీర్షిక శాఖలో, పేరు కింద గీత గీయడానికని, క్రీగీత విభాగం వేరుపడింది. దండాసి శాఖకి మేడ కట్టారు. ఇంటిపని మీద పరిశోధన సహజ వాతావరణంలో జరగాలని వీసీగారు పట్టుబట్టడంతో దాన్ని అచ్చం ఇల్లులాగే కట్టారు. వసారా, వంటిల్లు, తులసికోట, మంచాలు. దండాసి కుటుంబంతో సహా అందులోకి మారిపోయి పరిశోధన ప్రారంభించాడు.

ఒకనాడు ఉదయం అప్పలకొండ బండి గేటు దగ్గర వదిలేసి, కొంగు బిగించి మాస్టారి గదిలోకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఏటి మేస్టారూ ఇది? మా గుంట పైడితల్లి అన్నం కంచం ముందరెట్టుకుని మెతుకులు లెక్కెడతంది. నిద్దట్లో లేచి, పంచితే ఎంతొస్తాదే అమ్మా అని నన్ను లేపుతంది. నాకేటి తెలుస్తాది? మిమ్మల్నడగమంటే, మేస్టారు చెప్పరే, అడిగి ఎలిపోతారు అంటంది."

మాస్టారు తనూ కుర్చీలోంచి లేచారు.

"ఆకలైతే పుట్టించినారు. కూడెట్టరేటి? ఇలగ ఆకలి పుట్టించీసి విస్తరి లాగీసుకోడం ఎక్కడి నేయం బాబూ?"

"బోధన శాఖకి ఎవరూ రాలేదమ్మా..."

"ఆ శాకలూ పాకలూ నాకొద్దు. పిల్లలమ్మలం అందరం అనుకున్నాం. సంకురాత్రి పండగెల్లినాక సూస్తాం. అప్పటికీ బాగారం రాకపోతే టీసీలు పట్టుకుని హైవే అవతల బడిలో ఏసేస్తాం. లారీల మధ్యనించి ఎల్తారు, ఎల్తే ఎల్తారు. సదువైనా వస్తాది."

ఆమె వెళ్ళిపోయాక మాస్టారు చాలాసేపు కుర్చీ తిప్పకుండా కూర్చున్నారు. సిగ్గుగా అనిపించింది. శాలువా కప్పించుకున్న భుజాలమీద ఏదో బరువు పెట్టినట్టనిపించింది. మూడో తరగతి ఖాళీ అయితే బడి మూసేస్తారు. బడి మూస్తే ఆ గదులు ఇంటిపని శాఖ వాళ్ళ అతిథుల పడకగదులకి ఇస్తామని వీసీగారు అప్పుడే అనేశారు కూడా. ఇన్నేళ్ళూ భాగహారం చెప్పి, ఆఖరి ఏడాది పిల్లల్ని లారీల మధ్యకి తోలి ఇంటికి పోవాలా అని ఆయనకి దుఃఖం వచ్చింది.

తిన్నగా వీసీగారి దగ్గరికి వెళ్ళారు.

"బోధన నేనే చేసేస్తానండీ. జీతం గీతం ఏమీ అక్కర్లేదు."

మృత్యుంజయరావు గారు కళ్ళజోడు తీశారు. "ఆచార్యా! అది పరిధి ఉల్లంఘన అవుతుంది."

"పోనీ ఆ ఖాళీలో ఎవర్నైనా వెయ్యండి."

"ఆ స్థానానికి బోధన శాఖలో పరిశోధన పట్టా ఉండాలి. బోధన శాఖ ఈ భూమండలంలో మన విశ్వవిద్యాలయంలో తప్ప ఎక్కడా లేదు. ఇది మనకి గర్వకారణం. అయితే మన బోధన శాఖలో పరిశోధన చేయించే ఆచార్యులు లేరు. కాబట్టి పట్టా పుచ్చుకున్నవాళ్ళు లేరు. కాబట్టి ఆచార్యులు లేరు. అర్హుడైన అభ్యర్థి లభించేవరకు నిరీక్షణే మన విధానం."

"అంతవరకు నేను చెపితే ఏం పోయిందండీ?"

వీసీగారు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు. ఈసారి మామూలు మాటల్లో మాట్లాడారు. "మాస్టారూ, మీరు చెప్పేస్తే ఆ పోస్టు అక్కర్లేదంటారు. పోస్టు ఎత్తేస్తే శాఖలు నాలుగే మిగులుతాయి. నాలుగైతే మనం మళ్ళీ కాలేజీ. నేను మళ్ళీ ప్రిన్సిపాల్ని. మా ఇంట్లో వియ్యాలవారికి కూడా చెప్పేసుకున్నామండీ."

ఆయన ముఖం చూస్తే మాస్టారికి కోపం కూడా రాలేదు.

మర్నాటినుంచి సాయంత్రాలు పిల్లల్ని తన ఇంటి అరుగు మీదికి పిలిచి చెపుదామనుకున్నారు. పిక్కలు పోసి ఇంకా మొదలుపెట్టలేదు, దండాసి పరుగున వచ్చాడు.

"మేస్టారూ, మీకు దండం పెడతాను, ఇక్కడొద్దు. ఇంట్లో ఏటి చెప్పినా ఇంటిపని కిందకొస్తాదట. అది నా శాఖ. నా అనుమతి నేకుండా జరిగితే నన్ను సంజాయిషీ అడుగుతారు. ఆ మేడ ఖాళీ సెయ్యమంటే మా ఆవిడ ఊరుకోదండి. ఇప్పుడే గోంగూర మడి ఏసింది."

పిల్లలు పిక్కలు ఏరి మాస్టారి చేతికిచ్చి వెళ్ళిపోయారు. దండాసికి పోబుద్ధి కాక అరుగు అంచున కూర్చున్నాడు. ఒకప్పుడు అతనూ ఆ బడి విద్యార్థే. ఈ అరుగు అవతల ఇసకలోనే భాగహారం నేర్చుకున్నాడు.

"మీకేటండీ, రాజా శాఖ" అన్నాడు, మాస్టారికి ఊరట కలిగిద్దామని. "నాకైతే పది లెక్కలకి మించి ఇవ్వకూడదని గీత గీసీసినారు. మీకా బాధ నేదు. పిల్లలకి ఆసక్తి పుట్టిందో నేదో తేల్చీది మీరే. మీరు పుట్టింది అనేదాకా ఆ భాస్కరం అయినా గుమ్మం దాటకూడదు. ఆయనే తొందరపడి వచ్చీస్తన్నాడు. మీరు మొహమాటానికి పోయి వదిలీస్తన్నారు."

మాస్టారు చింతపిక్కలు చేతిలో ఆడిస్తూ ఆగిపోయారు. "అంటే నేను ఎంతసేపు ప్రేరణ ఇచ్చినా..."

"ఇచ్చుకోండి. స్వయంప్రతిపత్తి కదండీ."

"దండాసీ!" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో ఏదో మార్పు విని దండాసి భయపడ్డాడు. మాస్టారు మాత్రం లోపలికి కేకేసి అతనికి కాఫీ పెట్టించారు.

పండగ వెళ్ళిన మర్నాడే పరిశీలన సంఘం వచ్చింది. విశ్వవిద్యాలయానికి శ్రేణి ఇచ్చేది వాళ్ళే. సంఘం అధ్యక్షురాలు రాజధాని నుంచి వచ్చిన పెద్దావిడ. వీసీగారు పుష్పగుచ్ఛాలిచ్చి, "ఈ విశ్వవిద్యాలయంలో ఒక్కొక్క పాఠం అయిదు జ్ఞానశాఖల సంగమం" అని విన్నవించి, అందర్నీ మూడో తరగతికి నడిపించారు. తలుపు దగ్గర శాఖాధిపతులు వరసగా నిలబడ్డారు. కిటికీ బయట అప్పలకొండ, మరికొందరు తల్లులు నిలబడ్డారు. వాళ్ళు సంఘాన్ని చూడటానికి రాలేదు, టీసీల కోసం వచ్చారు.

మాస్టారు అరటి అత్తం మేజాబల్ల మీద పెట్టారు. పిల్లలు నీరసంగా చూశారు. ఆకలి పుట్టిస్తాడు, వెళ్ళిపోతాడు అన్న సంగతి వాళ్ళకి తెలుసు.

"ఈ పళ్ళు అందరికీ సమంగా రావాలంటే ఏం చెయ్యాలర్రా?"

ఎవరూ మోకాళ్ళమీద లేవలేదు. అయినా భాస్కరం అలవాటుగా దగ్గాడు. మాస్టారు వెనక్కి తిరగలేదు.

"ఇంకా పుట్టలేదు భాస్కరం. బయటే ఉండు" అన్నారు. జేబులోంచి గుప్పెడు చింతపిక్కలు తీసి నేలమీద పోశారు.

గలగలమన్న ఆ చప్పుడికి పైడితల్లి తల ఎత్తింది. మాస్టారు పంచె ఎగ్గట్టి నేలమీద చతికిలబడ్డారు. పిల్లలు ఆయన చుట్టూ చేరారు. "పదిహేడు పిక్కలు. అయిదుగురు రండి. తలా ఒకటి తీసుకోండి. ఎన్ని పోయాయి? మళ్ళీ తలా ఒకటి..." అంటూ పంచారు. పంచిన ప్రతిసారీ పోయినవెన్నో బల్లమీద వేయించారు. తీసివేత మీద తీసివేత వేయలేక ఒక పిల్లాడు విసుక్కుని, "మూడేసి సొప్పున ఒక్కమాటే తీసీవొచ్చు కదండీ, అయిదు మూళ్ళు పదిహేను" అన్నాడు. మాస్టారు ఆ మాట కోసమే ఇన్నాళ్ళుగా కాచుకుని ఉన్నారు.

భాస్కరం గుమ్మంలో రెండోసారి దగ్గాడు. "అయిందండీ?"

"లేదు. ఇంకా పిల్లలు సిద్ధం కాలేదు."

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. భాస్కరం కాళ్ళు పీకి గడప మీద కూర్చున్నాడు. వీసీగారు ఒకసారి గడియారం, ఒకసారి అధ్యక్షురాలి ముఖం చూస్తున్నారు. ఆవిడ ఒళ్ళో ఉన్న కాగితాలు పక్కన పెట్టి, పిక్కలు కనబడటం లేదని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. రెండో గంట దగ్గరికి వచ్చేసరికి పిల్లలు పిక్కలు పక్కకి తోసేసి బల్లమీదే లెక్కలు చేస్తున్నారు.

"మేస్టారూ, మిగిలిపోయిన రెండు పిక్కలూ ఎవలికండీ?" అని పైడితల్లి అడిగింది.

"ఎవరికీ రావమ్మా. పక్కన పెడతాం. వాటిని శేషం అంటారు."

పైడితల్లికి అది నచ్చలేదు. కాసేపు ఆలోచించింది. "పిక్కలైతే సరే. అరటిపళ్ళు రెండు మిగిలిపోతే? ముక్కలు కోసి పంచీవొచ్చు కదండీ. అప్పుడొక్కొక్కలికి ఎంతొచ్చినట్టు?"

మాస్టారు మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "భాస్కరం, ఇప్పుడు పుట్టింది. ప్రేరణ అయిపోయింది" అన్నారు.

భాస్కరం రంగు సుద్దతో లోపలికి వచ్చి అయోమయంగా నిలబడ్డాడు. "శీర్షిక ఏం రాయమంటారు మాస్టారూ? భాగహారం అనే కదా అనుకున్నాం."

"అదొచ్చీసింది కదండీ!" అన్నారు పిల్లలు.

అధ్యక్షురాలు మాస్టారికేసి చూశారు. "భాగహారం బోధన ఎప్పుడు జరిగిందండీ?"

"జరగలేదండి" అన్నారు మాస్టారు వినయంగా. "మా దగ్గర బోధన పోస్టు ఖాళీ. నేను భిన్నాలకి ప్రేరణ మాత్రం ఇచ్చాను."

ఆవిడ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నారు. పక్కనున్న సభ్యులు అది నవ్వని తెలియక గంభీరంగా రాసుకున్నారు. కమలకుమారి గారి వంతు వచ్చింది. ఆవిడ నోరు తెరవడానికే భయపడుతూ, "పిల్లలూ, ఈ రోజు ఏం నేర్చుకున్నాం?" అని అడిగారు. తరగతి తరగతంతా చేతులెత్తింది. ఎవర్ని అడగాలో తెలియక ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. కిటికీ బయట తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏమీ అడక్కుండానే వెళ్ళిపోయారు. అప్పలకొండ పోతూ పోతూ, "మేస్టారూ, ఆ అత్తానికి డబ్బులొద్దు" అని కేకేసింది.

పరిశీలన సంఘం వారి నివేదిక కొద్దిరోజులకే వచ్చింది. విశ్వవిద్యాలయానికి అత్యున్నత శ్రేణి. బోధన ఏమాత్రం జరగకుండా కేవలం ప్రేరణతోనే విద్యార్థులు భాగహారం నేర్చుకోవడం విద్యాచరిత్రలో మైలురాయి అనీ, ఈ దృష్ట్యా బోధన శాఖను శాశ్వతంగా ఖాళీగా ఉంచి దాని పవిత్రతను కాపాడాలనీ సభ్యులు సిఫారసు చేశారు. వీసీగారు ఆనందం పట్టలేక సభ పెట్టారు.

"ప్రేరణ శాఖ మహావృక్షమైంది! ఇంత బృహత్తర శాఖను ఒక్కరి భుజస్కంధాల మీద మోపడం భావ్యం కాదు. అందుచేత దీన్ని అయిదు శాఖలుగా విస్తరిస్తున్నాం. పలకరింపు శాఖ, వస్తు ప్రదర్శన శాఖ, ప్రశ్న శాఖ, కుతూహల శాఖ, నిరీక్షణ శాఖ!"

చప్పట్లు మోగాయి. మాస్టారు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. అరటిపళ్ళు చూపించేవాడొకడు, ప్రశ్న అడిగేవాడొకడు. పిల్లలు మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చోవాలి. ఈసారి అప్పలకొండ రెండోమాట అడగదు.

"నరసింగరావు గారు కుతూహల శాఖను అలంకరించాలని మా ఆకాంక్ష" అన్నారు వీసీగారు. "అయినా పెద్దలు కనుక, వారు కోరుకున్న శాఖ వారిదే."

మాస్టారు లేచి నిలబడి కాస్త ఆలోచించారు. "నాకు పలకరింపు శాఖ చాలండి."

సభలో గుసగుసలు బయల్దేరాయి. వీసీగారు నొచ్చుకున్నారు. "అంత చిన్న శాఖా! లోపలికెళ్ళి బాగున్నారా అని అడగడమే కదండీ దాని పరిధి?"

"వయసైపోయింది. అంతకు మించి నావల్ల కాదు" అన్నారు మాస్టారు. వెనక వరసలో దండాసికి ఉన్నట్టుండి పొలమారింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు మూడో తరగతికి వెళ్ళారు. వస్తు ప్రదర్శన శాఖ కొత్త అధిపతి అరటిపళ్ళ బుట్టతోనూ, ప్రశ్న శాఖవారు ప్రశ్నతోనూ, భాస్కరం సుద్దముక్కలతోనూ వరండాలో వరసకట్టి ఉన్నారు. మాస్టారు బుట్టలోంచి రెండు పళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. పిల్లలు లేచి నిలబడి దండం పెట్టారు.

"ఏమర్రా, బాగున్నారా?"

"బాగున్నామండీ!"

"కూర్చోండి. పైడితల్లీ, మొన్న రెండు అరటిపళ్ళు మిగిలితే ముక్కలు కోద్దామన్నావు. ఎన్ని ముక్కలు కోద్దామంటావు?"

వరండాలో నిలబడ్డవాళ్ళు తమ వంతు కోసం చూస్తూనే ఉన్నారు. కాసేపటికి దండాసి భార్య వాళ్ళకి కుర్చీలు పంపించింది. ఆ పలకరింపు వేసవి సెలవులు ఇచ్చేదాకా అవలేదు.